మొండి గోరు కాదు, మొండి వైద్యం

కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారుతుంది, మందమవుతుంది, అంచున పెళుసుగా విరుగుతుంది, దాని కింద పిండి వంటి పదార్థం పేరుకొంటుంది. మన పెద్దలు దీనిని ‘పిప్పిగోరు’ అన్నారు. వైద్యపరిభాషలో దీని పేరు ఒనికోమైకోసిస్. గోటికి గట్టిదనాన్నిచ్చే కెరాటిన్ అనే మాంసకృత్తును ఆహారంగా చేసుకొని శిలీంధ్రం గోటిలో కాపురం పెట్టడమే ఈ వ్యాధి. దీనికి రోగులలోనూ, కొందరు వైద్యులలోనూ ఒకే బిరుదు స్థిరపడిపోయింది: ‘మొండిది’. ఏళ్ళ తరబడి పూతలు పూసి, మధ్యమధ్య ఒకటి రెండు పట్టీల మాత్రలు మింగి, చివరకు “ఇది పోయేది కాదులెండి” అని చేతులెత్తేసినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు.

ఆ తీర్మానాన్ని ఖండించడానికే ఈ వ్యాసం. గోరు నెమ్మదిగా పెరుగుతుంది. అది దాని స్వభావం, దోషం కాదు. ఈ వ్యాధిని మొండిదిగా చేస్తున్నవి మన చేతలే. పరీక్ష చేయించకుండానే వ్యాధికి పేరు పెడుతున్నాము. గోటిలోనికి ఇంకని మందును గోటిపై పూస్తున్నాము. పనిచేసే మందును పది రోజులకే ఆపేస్తున్నాము. శిలీంధ్రం గోటిలోనికి వచ్చిన దారిని తెరిచే ఉంచుతున్నాము. ఈ నాలుగు తప్పులూ దిద్దుకొన్న తరువాత కూడా వ్యాధి లొంగకపోతే అప్పుడు గోటిని నిందించవచ్చు.

గోరే కదా అనుకొనేవారికి

మొదట ఎదురయ్యే అభ్యంతరం ఇది: “నొప్పి లేదు, జ్వరం లేదు, చెప్పు వేసుకొంటే ఎవరికీ కనబడదు. దీనికోసం ఇంత చర్చ అవసరమా?” ఆరోగ్యవంతుడైన యువకుడి కాలికి ఒక గోరు చెడితే నిజంగానే పెద్ద ప్రమాదం లేదు. కానీ ఈ వ్యాధి ఎక్కువగా పట్టుకొనేది యువకులను కాదు. వయసు మీరినవారిని, మధుమేహం ఉన్నవారిని, కాళ్ళకు రక్తప్రసరణ తగ్గినవారిని, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిని.

చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మందమైన గోరు చెప్పుకో బూటుకో ఒరుసుకొని కింది చర్మాన్ని నొక్కుతుంటే ఆ నొప్పి వారికి తెలియదు. గోటి కింద పుండు పడుతుంది, అది కనబడదు. పెళుసు గోరు విరిగి పక్కవేలిని గీరుతుంది. ఆ గీత ద్వారా సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. గోరు ఒక్కటే కాలిని పోగొట్టదు. కాలు పోగొట్టుకోవడానికి దారితీసే మెట్లలో అది ఒకటి కాగలదు. తక్కిన మెట్లకన్నా దీనిని ముందుగా, తక్కువ ఖర్చుతో తొలగించవచ్చు.

గోదావరి జిల్లాలు మొదలుకొని శ్రీకాకుళం వరకు కోస్తా ప్రజలకు సుపరిచితమైన బోదకాలు వ్యాధిని కూడా ఇక్కడ తలచుకోవాలి. బోదకాలు ఉన్నవారికి తరచుగా జ్వరం వచ్చి కాలు ఎర్రగా వాచి మండిపోతుంది. ఈ దాడులకు ముఖ్య కారణం దోమ కాదు. కాలివేళ్ళ సందులలో శిలీంధ్రం వలన ఏర్పడిన పగుళ్ళ గుండా ప్రవేశించే బ్యాక్టీరియా. ప్రతిరోజూ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టి, అవసరమైన చోట శిలీంధ్రనాశక లేపనం రాసుకొంటే ఈ దాడులు తగ్గుతాయి. వేళ్ళ సందులను నయం చేసి, వాటి పక్కనే ఉన్న గోటిలో అదే శిలీంధ్రాన్ని వదిలేస్తే అది మళ్ళీ సందులలోనికి దిగివస్తుంది. గోటికీ చర్మానికీ మధ్య శిలీంధ్రం గోడ కట్టుకోలేదు.

చూపుతో తేలే వ్యాధి కాదు

రెండవ అభ్యంతరం వైద్యులలో కొందరి నుంచి వస్తుంది: “ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాం. చూస్తే తెలియదా?” తెలియదు. రూపు చెడిన గోళ్ళలో దాదాపు సగం మాత్రమే శిలీంధ్రం వలన చెడినవని వైద్యశాస్త్రం పదే పదే చెబుతున్నది. మిగిలిన సగానికి కారణాలు వేరు. సోరియాసిస్‌లో గోరు మందమవుతుంది, పైకి లేస్తుంది, సూదితో గుచ్చినట్లు చిన్న గుంటలు పడతాయి. లైకెన్ ప్లానస్‌లో గోరు పలచబడి నిలువుగా చీలుతుంది. బిగుతైన బూట్లలో రోజూ పరుగెత్తేవారికి, ఎక్కువ దూరం నడిచేవారికి బొటనవేలి గోరు దెబ్బలు తిని తిని అచ్చం పిప్పిగోరులాగే తయారవుతుంది. వయసుతోపాటు, రక్తప్రసరణ తగ్గడంతోపాటు కూడా గోళ్ళు మందమవుతాయి. వీటిలో దేనికీ శిలీంధ్రనాశక మందు పనిచేయదు. పనిచేయని ఆ మందు ‘ఓడిపోయిన’ ప్రతిసారీ పిప్పిగోరు మొండిదన్న అపనమ్మకం మరికొంత బలపడుతుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఒకే గోటిలో నల్లని నిలువు గీత ఏర్పడి, నెలలు గడిచేకొద్దీ వెడల్పవుతూ, గోటి మొదట్లోని చర్మానికి కూడా నలుపు పాకితే అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. మనవంటి ఛాయ కలవారిలో అనేక గోళ్ళపై నల్లని గీతలు సహజంగానే ఉంటాయి. వాటికి భయపడనవసరం లేదు. ఒక్క గోటిలో కొత్తగా వచ్చి మారుతూ ఉండే గీతను మాత్రం ఉపేక్షించరాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివేలి గోటి కింద కనుగొన్నది ఈ క్యాన్సరే. 1981లో, తన 36వ ఏట, ఆయన దానితోనే మరణించాడు. ఇటువంటి గోటిపై నెలల తరబడి శిలీంధ్రపు పూత పూస్తూ కూర్చోవడం ఎంతటి నష్టమో చెప్పనవసరం లేదు.

తెమడ పరీక్షించే చోట గోటిని పరీక్షించలేమా?

మరి పరీక్ష ఏమైనా ఖరీదైనదా? కాదు. గోటిని స్పిరిటుతో తుడిచి, పైకి లేచిన భాగాన్ని కత్తిరించి, దాని కింద పేరుకొన్న పిండిని వీలైనంత లోపలినుంచి గీకి తీయాలి. ఆ పిండిని గాజుపలకపై ఉంచి పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం వేయాలి. గోటి కణాలు కరిగిపోయిన తరువాత, కరగని శిలీంధ్రపు పోగులు సూక్ష్మదర్శినిలో కొమ్మలు వేసిన దారాలవలె కనబడతాయి. చర్మపు పొట్టుకన్నా గోరు కరగడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతవరకు ఆగాలి. ఇంతే పరీక్ష.

క్షయకోసం తెమడను, మలేరియాకోసం రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసే ఏర్పాటు మన ప్రభుత్వ వైద్యవ్యవస్థలో దశాబ్దాలుగా ఉన్నది. అదే సూక్ష్మదర్శిని, అదే గాజుపలక, అదే ల్యాబ్ టెక్నీషియన్. కావలసినవి ఒక సీసా ద్రావణం, కొద్దిపాటి శిక్షణ. అయినా పరీక్ష జరగదు. కారణం పేదరికం కాదు, అలవాటు లేకపోవడం. రోగి అడగడు, వైద్యుడు వ్రాయడు, టెక్నీషియన్ నేర్చుకోడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా మిగిలిన రెండూ మారతాయి. అందుకే రోగులను అడగమంటున్నాను.

పరీక్షకు పరిమితులు లేవని అనడం లేదు. నమూనా సరిగా తీయకపోతే శిలీంధ్రం ఉన్నా కనబడదు. అప్పటికే మందు వాడుతున్నవారిలోనూ కనబడకపోవచ్చు. అందుచేత పరీక్షకు ముందు కొన్ని వారాలు పూతలు మానాలి. మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా వైద్యునికి అనుమానం బలంగా ఉంటే మళ్ళీ నమూనా తీయాలి, లేదా కత్తిరించిన గోటి ముక్కను పాథాలజీ ప్రయోగశాలకు పంపాలి. అక్కడ పీఏఎస్ అనే ప్రత్యేక రంగు వేసి చూస్తారు. శిలీంధ్రాన్ని పట్టుకోవడంలో ఇది మంచి పరీక్ష. శిలీంధ్రాన్ని పెంచి దాని జాతిని గుర్తించే కల్చర్ పరీక్షకు మూడు నాలుగు వారాలు పడుతుంది. నయం కావడానికి ఏడాది పట్టే వ్యాధిలో వ్యాధినిర్ణయానికి ఒక నెల ఆగడం ఆలస్యం కాదు.

పూతల మాయ

గోరు ఒక గట్టి పలక. శిలీంధ్రం ఎక్కువగా నివసించేది ఆ పలక కింద, దానిని అంటిపెట్టుకొన్న చర్మంలో. చర్మంపై చక్కగా పనిచేసే లేపనం గోటిపై రాస్తే పైనే నిలిచిపోతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే నిమ్మరసం, వెనిగర్, వేపనూనె, పసుపు ముద్ద, టీట్రీ నూనె ఎందుకు విఫలమవుతాయో బోధపడుతుంది. ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో శిలీంధ్రాన్ని చంపగల పదార్థాలు ఎన్నో ఉన్నాయి. గాజుపళ్ళెంలో శిలీంధ్రంపై గోరు కప్పి ఉండదు.

గోరింటాకు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిప్పిగోళ్ళకు గోరింటాకు పెట్టుకోమనడం మనవాళ్ళలో పాత సలహా. ఆషాఢంలో ముచ్చటగా పెట్టుకొనే గోరింటాకును నేను కాదనను. కానీ ఆ ఎరుపు గోటి అసలు రంగును నెలల తరబడి కప్పివేస్తుంది. తెగులు పెరుగుతున్నదో తగ్గుతున్నదో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. రంగురంగుల నెయిల్ పాలిష్‌దీ అదే పని. చికిత్సలో ఉన్న గోటిపై ఏ రంగూ ఉండకూడదు.

గోటికోసమే తయారైన వైద్యపు పూతలు వేరు. అమొరోల్‌ఫిన్, సైక్లోపిరాక్స్ అనేవి గోటిలోనికి కొంతవరకు ఇంకేటట్లు రూపొందించినవి. తెగులు గోటి చివరి సగం దాటనప్పుడు, గోటి మొదలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు, చెడిన గోళ్ళు ఒకటి రెండే అయినప్పుడు వీటిని వాడవచ్చు. కానీ వీటి శక్తిని ఉన్నంతలోనే చెప్పాలి. సైక్లోపిరాక్స్ పూతను 48 వారాలపాటు ప్రతిరోజూ పూసినా, శిలీంధ్రం పోయి గోరు కూడా పూర్తిగా బాగుపడినవారు పరిశోధనలలో నూటికి పదిమంది కూడా లేరు. తరువాత వచ్చిన ఎఫినకొనజోల్‌తో ఈ సంఖ్య నూటికి 15 నుంచి 18 వరకు పెరిగింది. గోటి మొదలు వరకూ తెగులు పాకినవారికి పూత ఒక్కటే ఇచ్చి పంపడమంటే ఓటమిని ముందుగానే వ్రాసి ఇవ్వడమే.

లేజర్ మాట కూడా చెప్పుకోవాలి. నగరాలలో కొన్ని చోట్ల ‘మందులు లేకుండా లేజర్‌తో గోటి తెగులు మాయం’ అన్న ప్రకటనలు కనిపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ లేజర్లకు ఇచ్చిన అనుమతి ‘గోటిలో తేటగా కనబడే భాగం తాత్కాలికంగా పెరగడం’ అన్నంతవరకే. ‘తాత్కాలికంగా’ అన్న ఆ ఒక్క పదం ప్రకటనలలో ఎక్కడా కనబడదు.

ఆ ట్యూబులో ఏముంది?

వీటన్నిటికన్నా హానికరమైనది మందుల దుకాణాలలో చీటీ లేకుండా చేతికి వచ్చే మిశ్రమ లేపనం. ఒకే ట్యూబులో శిలీంధ్రనాశకం, బ్యాక్టీరియా నాశకం, వాటితోపాటు క్లోబెటసాల్ వంటి అతిశక్తిమంతమైన స్టీరాయిడ్ కూడా ఉంటాయి. తామరపై రాయగానే స్టీరాయిడ్ వలన దురద, ఎరుపు రెండు మూడు రోజులలో తగ్గుతాయి. ‘దివ్యంగా పనిచేసింది’ అని రోగి సంతోషిస్తాడు. స్టీరాయిడ్ తగ్గించింది శిలీంధ్రాన్ని కాదు, దానితో పోరాడే శరీరపు శక్తిని. పైకి చల్లబడినట్లు కనబడుతూ శిలీంధ్రం చర్మంలో విస్తరిస్తుంది, పాదం నుంచి గోటికి, గోటి నుంచి గజ్జలకు చేరుతుంది. రాయడం మానగానే రెట్టింపుగా తిరగబెడుతుంది. అదే ట్యూబును ఎవరో గోటిపై కూడా రాయమంటారు. అందువలన గోటికి కలిగే మేలు శూన్యం. చుట్టూ ఉన్న చర్మం మాత్రం పలచబడుతుంది.

దీనిపై చట్టం లేకపోలేదు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడ్ పైపూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదంటూ హెచ్ షెడ్యూలులో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 అసంబద్ధ మిశ్రమ ఔషధాలను నిషేధించింది. ఇటువంటి స్టీరాయిడ్ లేపనాలు కొన్ని అందులో ఉన్నాయి. భారతీయ చర్మవైద్యుల సంఘం స్టీరాయిడ్ దుర్వినియోగంపై ఏళ్ళుగా పోరాడుతున్నది. అయినా ఒక మిశ్రమాన్ని నిషేధిస్తే దినుసు మార్చి మరొకటి వస్తున్నది. దుకాణదారు అడగడు, కొనేవాడు ట్యూబుపై చిన్న అక్షరాలు చదవడు, తనిఖీ చేయవలసినవారు ఆ వైపు రారు.

ఈ నిర్లక్ష్యపు ఫలితం మన వీధి దాటి, దేశం దాటిపోయింది. టెర్బినాఫిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగని తామర శిలీంధ్రం మన దేశంలో విస్తరించింది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మన దేశం పేరు ఆ శిలీంధ్రం పేరులో చేరిపోయింది. 2023లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ న్యూయార్క్ నగరంలో ఇద్దరు రోగులలో దీనిని గుర్తించినట్లు ప్రకటించింది. ఆ దేశంలో అవి మొదటి కేసులు. ఈ శిలీంధ్రం ఎక్కువగా పట్టేది చర్మాన్ని, గోటిని తక్కువ. కానీ గోటికి మన చేతిలో ఉన్న ఉత్తమమైన ఆయుధం ఆ టెర్బినాఫినే. చర్మంపై దానిని దుర్వినియోగం చేసి మొద్దుబరిస్తే రేపు గోటికి ఏది వాడతాము?

పన్నెండు వారాల మందు, పన్నెండు నెలల ఓపిక

పరీక్షలో శిలీంధ్రం తేలి, తెగులు గోటిలో చాలా భాగం ఆక్రమించి ఉంటే నోటి మాత్రలే ప్రధాన చికిత్స. కాలిగోళ్ళకు టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి చొప్పున 12 వారాలు. చేతిగోళ్ళకు 6 వారాలు. రెండవది ఇట్రాకొనజోల్. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరిశోధనలో ఈ రెండింటినీ పోల్చారు. 12 వారాలు టెర్బినాఫిన్ రోజూ వాడినవారిలో దాదాపు 76 శాతం మందికి శిలీంధ్రం తొలగింది; నెలకు ఒక వారం చొప్పున మూడు విడతలు ఇట్రాకొనజోల్ వాడినవారిలో 38 శాతం మందికి మాత్రమే తొలగింది. అందుచేతనే టెర్బినాఫిన్‌కు మొదటి స్థానం.

ఇక్కడే అత్యధికులు పొరబడుతున్నారు. మాత్రలు మూడు నెలలు వాడి, గోరు ఇంకా పచ్చగానే ఉందని “మందు పనిచేయలేదు” అంటారు. చాలామంది అంతవరకూ కూడా ఆగరు. ఒక పట్టీ అయిపోగానే మానేస్తారు. మందు చెడిన గోటిని మంచి గోరుగా మార్చలేదు. ఏ మందూ మార్చలేదు. అది చేయగలిగినది ఒక్కటే: మొదలు నుంచి కొత్తగా వచ్చే గోటిని శిలీంధ్రం బారిన పడకుండా కాపాడడం. చెడిన భాగం ముందుకు జరిగి, కత్తిరింపబడి, పూర్తిగా పోవాలి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో సగమే. బొటనవేలి గోరు మొదలునుంచి చివరికి చేరడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మాత్రలు ఆపిన తరువాత కూడా మందు కొన్ని నెలలపాటు గోటిలో నిలిచి తన పని చేస్తుంది. కాబట్టి మూడవ నెలలో చూడవలసినది గోటి చివరను కాదు, గోటి మొదలును. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల తేటగోరు వచ్చిందంటే చికిత్స ఫలిస్తున్నదని అర్థం. మొదటి రోజున ఒకటి, ప్రతి నెలా ఒకటి చొప్పున గోటిని ఫోటో తీసి ఉంచుకొంటే అనుమానమే ఉండదు.

మందు శక్తిని పెంచి చెప్పడం కూడా మోసమే. అమెరికాలో టెర్బినాఫిన్ అనుమతికి ఆధారమైన పరిశోధనలలో నూటికి 70 మందిలో పరీక్షకు శిలీంధ్రం కనబడలేదు. గోరు కూడా పూర్తిగా మామూలు రూపానికి వచ్చినవారు 38 మంది. నయమైన తరువాత తిరగబెట్టడమూ ఉంది. అయినా ఇది పూతలకన్నా ఎన్నోరెట్లు మెరుగు. ఈ అంకెలు ముందే చెబితే రోగి ఓపిక పడతాడు. ‘పది రోజుల్లో పోతుంది’ అని చెప్పి పంపినవారే పదకొండవ రోజున అతనిని మందు మాన్పించినవారు.

ఎవరికి జాగ్రత్త, ఎవరికి వద్దు

“ఆ మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయట” అన్న భయం సర్వత్రా ఉన్నది. భయం నిరాధారం కాదు, కానీ అతిశయించినది. టెర్బినాఫిన్ వలన కాలేయానికి తీవ్ర హాని జరగడం అరుదు. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించాలి. అప్పటికే కాలేయవ్యాధి ఉన్నవారు దీనిని వాడరాదు. మందు వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయి వాంతులవుతున్నా వెంటనే ఆపి వైద్యుని కలవాలి. కొందరికి నాలుకకు రుచి తెలియకుండా పోతుంది; మందు మానాక సాధారణంగా తిరిగి వస్తుంది. గర్భిణులు ప్రసవానంతరం వరకు ఆగాలి. తల్లిపాలు ఇస్తున్నవారు కూడా వైద్యుని అడగనిదే వాడరాదు.

ఇట్రాకొనజోల్‌కు వేరే చిక్కులున్నాయి. గుండె వైఫల్యం ఉన్నవారికి గోటి తెగులుకోసం ఈ మందు ఇవ్వనే కూడదు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్‌తో కలపరాదు. అటోర్వాస్టాటిన్‌తో కూడా జాగ్రత్త అవసరం. దీని క్యాప్సూల్ జీర్ణం కావడానికి కడుపులో ఆమ్లం కావాలి. మన ఇళ్ళలో పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర మింగే అలవాటు ఎంత ఎక్కువో తెలిసినదే. పాంటోప్రజోల్ మింగి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ వేసుకొంటే మందు సరిగా ఒంటికి పట్టదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. నింద మళ్ళీ గోటిపైనే పడుతుంది.

కీటోకొనజోల్ మాత్రలను మాత్రం గోటికోసం ఎవరూ వాడరాదు. కాలేయానికి అది చేసే హాని కారణంగా 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని గోటి తెగుళ్ళకు వాడవద్దని హెచ్చరించింది. 2016లో ఆ హెచ్చరికను మళ్ళీ చేయవలసి వచ్చింది. గోటికోసం ఆ మందు వాడిన ఒక రోగి కాలేయం విఫలమై మరణించాడని అందులో పేర్కొన్నది. అందానికి సంబంధించినదని తేలికగా తీసుకొన్న వ్యాధికి ప్రాణం వెల కాకూడదు.

అందరికీ చికిత్స అవసరమని కూడా నా వాదం కాదు. ఎనభై ఏళ్ళ వృద్ధురాలికి నొప్పి లేదు, మధుమేహం లేదు, ఇప్పటికే పది రకాల మాత్రలు వేసుకొంటున్నారు. ఆమె గోటిని జాగ్రత్తగా అరగదీసి, శుభ్రంగా ఉంచి, అంతటితో వదిలేయడం మంచి వైద్యమే. ఆలోచించి వదిలేయడం వేరు. పట్టించుకోక వదిలేయడం వేరు.

వచ్చిన దారిని మూయనిదే

గోటి శిలీంధ్రం ఎక్కువమందిలో మొదట వేళ్ళ సందులలో మొదలవుతుంది. అక్కడి చర్మం తెల్లగా నాని, పొరలుగా ఊడి, దురద పెడుతుంది. నాట్ల కాలంలో గంటల తరబడి మడిలో నిలిచే కూలీలు, పొద్దంతా రబ్బరు బూట్లలో పనిచేసే కార్మికులు, బట్టలుతికేవారు, చలిదేశాలలో రోజంతా బూట్లు విప్పని మనవాళ్ళు, అందరికీ కారణం ఒకటే: ఆరని పాదం. వేళ్ళ సందులకు, అరికాళ్ళకు శిలీంధ్రనాశక లేపనం రాయకుండా గోటికి మాత్రమే మందు వాడితే ఊడ్చిన ఇంటికి తలుపు వేయనట్లే.

స్నానం తరువాత ప్రతి వేలి సందునూ పొడిబట్టతో తుడవాలి. మెట్టెలు ధరించేవారు వాటి కింద తడి నిలవనీయరాదు. మేజోళ్ళు రోజూ మార్చాలి. తడిసిన బూట్లను ఎండలో ఆరనిచ్చి మరుసటి రోజు వేసుకోవాలి. గోళ్ళు తిన్నగా, పొట్టిగా కత్తిరించుకోవాలి. మధుమేహులు, చూపు తగ్గినవారు ఆ పనిని మరొకరిచేత చేయించుకోవాలి. చాలా ఇళ్ళలో కుటుంబం మొత్తానికి ఒకే నెయిల్ కట్టర్ ఉంటుంది. తెగులు ఉన్నవారికి వేరే కట్టర్, వేరే తువ్వాలు, వేరే చెప్పులు ఉండాలి. ఇంట్లో ఇంకెవరికైనా తామర ఉంటే వారికి కూడా అదే సమయంలో చికిత్స జరగాలి. లేకపోతే ఒకరినుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇక అడగండి

వ్యవస్థ తనంతట తాను మారదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోటి పరీక్ష అడిగేవారుంటేనే అది మొదలవుతుంది. దుకాణంలో ట్యూబు చేతికిచ్చినప్పుడు ‘ఇందులో స్టీరాయిడ్ ఉందా?’ అని అడగండి. పేరు చివర ‘సోల్’, ‘సోన్’ వంటి అక్షరాలు కనబడితే వైద్యుని అడగనిదే కొనవద్దు. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు గోటికి పూసిన రంగులన్నీ తుడిచి, వాడుతున్న మందులన్నీ, గ్యాస్ మాత్రతో సహా, వెంట తీసుకొని వెళ్ళండి. ‘ఏదైనా మందు వ్రాయండి’ అని కాక, ‘ఇది శిలీంధ్రమేనని పరీక్షలో తేలిందా?’ అని అడగండి. మధుమేహం ఉన్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రి వారి మేజోళ్ళు విప్పించి, దీపం వెలుతురులో పది వేళ్ళూ, వేళ్ళ సందులూ చూడండి. వారికి స్పర్శ లేకపోవచ్చు. చూడవలసిన కళ్ళు మీవి.